సీరియల్లో మా అక్క

నవలకు ముడిసరుకు జీవితంలోంచే తీసుకోవాలని ఎవరైనా సభలో మైకు పట్టుకుని చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ముడిసరుకు మా అక్క.

డెబ్బైల చివర్లో నర్సీపట్నంలో మా ఇంటి ముందు వాటాలో ఒక రచయిత అద్దెకుండేవాడు. తాలూకా ఆఫీసులో గుమస్తా. ఆయన సీరియల్ వారపత్రికలో వస్తుందంటే నాకెంత గొప్పో! సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, "మీ అక్కగారు అలా ముభావంగా ఉంటారేటమ్మా?" అని మెల్లగా అడిగేవాడు. పంతొమ్మిదేళ్ల దాన్ని, పొంగిపోయి అంతా కక్కేశాను. బావ వదిలేసి వెళ్లిన సంగతి, నాలుగేళ్లయినా అక్క రోజూ రాత్రి అందరూ పడుకున్నాక ఆయనకో కంచం పెట్టి, తీసేసే సంగతి. ఆ కంచం మాట అక్క నన్నొక్కదాన్నే నమ్మి చెప్పింది.

సీరియల్లో ఊరు మాకవరపాలెం అయింది. అక్క పేరు మారింది. టీచరు ఉద్యోగం, నేత చీర, నల్ల గొడుగు, కంచం మాత్రం ఉన్నవున్నట్టే దిగాయి. ఊరంతా గుర్తుపట్టింది. అంతటితో ఆగితే ఏడ్చి ఊరుకునేవాళ్లం. పన్నెండో వారం ఆ మహానుభావుడు టీచరమ్మకు హెడ్మాస్టరుతో సంబంధం అంటగట్టాడు. పదకొండు వారాలు నిజమే చదివిన ఊరు పన్నెండోది అబద్ధమని ఎందుకనుకుంటుంది? హెడ్మాస్టరుగారి భార్య మా గుమ్మంలో నిలబడి దుమ్మెత్తిపోసింది. అక్క గదిలోకెళ్లి తలుపేసుకుంది.

పత్రిక తీసుకెళ్లి ఆయన ముఖాన కొట్టాను.

"అది కల్పనమ్మా. కథ నడవాలి కదా!" అన్నాడు.

"నీ కథ నడవడానికి మా అక్క వీధిలో నడవకూడదేటి?"

నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఈ వయసులో కూడా చెప్పు తీయాలనిపిస్తుంది.

అక్క ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని నక్కపల్లి వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. నేను వెళ్లినప్పుడల్లా ఎండల గురించి, కూరల గురించి మాట్లాడేది, అంతే.

ఎనభై రెండో, మూడో అనుకుంటా. వెళ్లేసరికి మంచం మీద ఉంది. కడుపుకి ఆపరేషన్ అయి నెల దాటిందని ఆ ఇల్లుగలావిడ చెబితే తెలిసింది. నాకు కోపం ఆగలేదు.

"తోడబుట్టినదాన్ని, నాకెందుకు సెప్పలేదక్కా?" అని అరిచాను.

అక్క నా వంక చూడకుండానే అంది.

"సెప్తే మళ్లీ ఏ పుస్తకంలో సదూకోవాలోనని."