నవ్వు తీసేసి జవాబు చెప్పమన్న టీచరమ్మ

మా బడి పెద్ద టీచరమ్మ పోయారన్న కబురు ఊళ్లోకి నేనే మోసుకొచ్చాను. నేను చెప్పాను కాబట్టే ఎవరూ నమ్మలేదు. విజయనగరం ఆస్పత్రి నుంచి మొదటి బస్సులో వచ్చి దిగాను. బడి గేటుకి ఎదురుగా ఉన్న నా సైకిలు షాపు తలుపు కూడా తియ్యకుండా, పక్కనున్న టీ కొట్టు దగ్గర నిలబడి, "టీచరమ్మ మరి నేరు" అన్నాను. టీ కొట్టు అప్ప చేతిలో గరిటె ఎత్తి, "ఒరే, ఆటలకి కూడా ఒక అద్దు ఉండాల. మనుసుల పేణాల మీదేటిరా నీ ఎకసెక్కాలు?" అని కసిరింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు.

అప్పుడే సైన్సు మేస్టారు బడికి వస్తూ ఆగారు. నా మొహం చూశారంతే. స్టాండు వెయ్యడం మరిచిపోయి సైకిలు వదిలేస్తే అది రోడ్డు మీద అడ్డంగా పడిపోయింది. దాన్ని ఎత్తడానికి ఆయన వంగనూ లేదు, నేను వంగనూ లేదు. అప్పుడు నమ్మారు అందరూ.

ఈ నాలుగు మాటలు రాయమన్నది కూడా ఆ మేస్టారే. "మేం రాస్తే అన్నీ బిరుదులే వస్తాయి, మీరు రాయండి" అన్నారు. నేను థర్డ్ ఫారం గట్టెక్కని వాణ్ణి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

టీచరమ్మది పాతపట్నం వైపు బాప్టిస్టు కుటుంబం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు రెండో తరగతి చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం ఊళ్లో నాకు తప్ప ఎవరికీ లేకపోయింది. నేను అడిగితే, "నీలాటి వాణ్ణి కంటానేమో అని భయం రా" అన్నారు. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఏదైనా గట్టి మాట చెప్పవలసి వస్తే ముందు ఆ లవంగం ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చేవారు. అది మారిందంటే మేం సర్దుకుని కూర్చునేవాళ్లం. క్లాసులో ఎవడైనా వెర్రి ప్రశ్న వేసి అందరూ విరగబడి నవ్వితే, ఆవిడ కోప్పడేవారు కాదు. నవ్వంతా అయిపోయేదాకా ఆగేవారు. ఆగి, "అయిందా నవ్వు? ఇప్పుడు ప్రశ్న సంగతి చూద్దాం" అనేవారు. వెర్రి ప్రశ్నలు వేసేది ఎక్కువగా నేనే గనక ఈ మాట నాకు కంఠతా వచ్చు.

ఇక అసలు సంగతి. మా బడి సైన్సు పుస్తకంలో మనిషి శరీరం గురించి చివర్న కొన్ని కాగితాలుండేవి. పిల్లలు పెద్దవాళ్లవుతూంటే ఒంట్లో ఏమవుతుంది, బిడ్డ ఎలా పుడుతుంది, అదంతా అందులో ఉండేది. టీచరమ్మకి ముందున్న హెడ్మాస్టరు కాలం నుంచి మా బళ్లో ఒక ఆచారం ఉంది. కొత్త పుస్తకాలు పిల్లల చేతికి ఇచ్చే ముందు, ఆ కాగితాలన్నీ కలిపి కుట్టు టీచరు చేత సూదీ దారంతో కుట్టించేసేవారు. ఆవిడ పాపం ఊడకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేసేవారు. పిల్లలు ఇంటికెళ్లగానే మొట్టమొదట విప్పేది ఆ దారమే. ఏడాది చివరికి మిగతా పుస్తకమంతా దుకాణంలోంచి అప్పుడే తెచ్చినట్టుండేది, ఆ కాగితాలు మాత్రం నలిగి పీచయ్యేవి. ఇంకోపక్క ఊళ్లో గోడలన్నిటి మీదా కుటుంబ నియంత్రణ వాళ్ల ఎర్ర త్రికోణాలు. పెద్దవాళ్లకి గోడ మీద రాసి చెప్పొచ్చట, పిల్లలకి బళ్లో నోటితో చెప్పకూడదట.

ఇలా ఉండగా రెండేళ్ల కిందట, ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల చెప్పాపెట్టకుండా బడికి రావడం మానేసింది. ఆ పిల్లకి మొదటిసారి నెల వచ్చింది బళ్లోనే. అదేమిటో తెలీదు. ఏదో పెద్ద రోగం పట్టుకుందనుకుంది. తల్లికి చెబితే తిడుతుందని భయపడి, సంతలో ఎవడో అమ్మిన కషాయం దాచుకుని తాగింది. ఒళ్లు కాలిపోయే జ్వరం వస్తే గాని ఇంట్లోవాళ్లకి తెలియలేదు. జ్వరం తగ్గాక పెద్దమనిషయిందని చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి పంచారు, ఇంక చదువు చాలన్నారు.

టీచరమ్మ వాళ్లింటికి వెళ్లారు. ఆ పిల్ల బయటికి రాలేదట. తలుపు వెనకాల నుంచే, "మీరు ముందే సెప్పీసుంటే బాగుణ్ను కదా టీచరమ్మా" అందట. తిరిగొస్తూ ఆవిడ నా షాపు దగ్గర ఆగి మంచినీళ్లడిగారు. తాగి, గ్లాసు ఇవ్వడం మరిచిపోయి చేత్తో పట్టుకునే, "లోకంలో నదులన్నీ చెప్పామురా ఆ పిల్లకి. దాని ఒంట్లో ఏం జరుగుతుందో ఒక్క ముక్క చెప్పలేదు" అన్నారు.

మర్నాడు మేస్టర్లందరినీ పిలిచి, కుట్టు టీచరు చేతికి కత్తెర ఇచ్చి, "మీరు కుట్టినవి మీరే విప్పండి" అన్నారట. ఆ పాఠం మగపిల్లలకి సైన్సు మేస్టారు, ఆడపిల్లలకి కుట్టు టీచరు చెప్పాలన్నారు. సైన్సు మేస్టారికి అప్పుడే కొత్తగా పెళ్లయింది. "నన్ను బదిలీ చేయించినా సరే గాని, నాకు నోరు రాదండి" అన్నారు. కుట్టు టీచరు కత్తెర వంక చూస్తూ కూర్చున్నారు. టీచరమ్మ ఇద్దర్నీ తిట్టలేదు. "మనకీ ఎవరూ నేర్పలేదు కదా, నోరెలా వస్తుంది? మనం ముందు నేర్చుకుందాం" అన్నారు. అని, సరాసరి నా దగ్గరికి వచ్చారు.

"ఒరే, శనివారం మధ్యాన్నం బడికి రా."

"ఏటి టీచరమ్మా, బాగుసేసీ సైకిలేదైనా ఉన్నాదేటి?"

"సైకిలు కాదు. వెనక బెంచీ మీద కూకుని నీ నోటికొచ్చిన ప్రశ్నలన్నీ అడగాల. మా మేస్టర్లు జవాబు సెప్పడం నేర్చుకుంటారు."

"నా నోటికొచ్చినవే? అయితే మీరు సెవులు మూసుకోవాల మరి."

"అందుకే కదరా నిన్ను పిలుస్తన్నాను. నిన్ను తట్టుకున్నోళ్లు ఏ పిల్లల్నైనా తట్టుకుంటారు." అంతవరకూ నవ్వు మొహంతోనే ఉన్నారు. అప్పుడు లవంగం బుగ్గ మారింది. "నీ గుంట ఇప్పుడు ఆరో తరగతి కదూ? ఇంట్లో ఆడదిక్కు నేదు. దానికి ఎవలు సెప్తారురా?"

మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో నేనూ, నా కూతురూ, అంతే. దాని జడ వెయ్యడం నేర్చుకున్నాను, తల అంటడం నేర్చుకున్నాను. ఈ సంగతి మాత్రం తలుచుకోవడానికే భయపడి వెనక్కి నెట్టేస్తూ వచ్చాను. తలుపు వెనకాల నిలబడ్డ ఆ పిల్ల మాట విన్నప్పటి నుంచీ ఆ తలుపు మా ఇంటిదిలాగే కనబడుతోంది. టీచరమ్మకి ఏదో ఒక వేళాకోళం జవాబు చెబుదామని నోరు తెరిచాను. నాకూ నోరు రాలేదు.

శనివారం వెళ్లాను. వెనక బెంచీ మీద కాళ్లు బార్లా చాపి కూర్చున్నాను. సైన్సు మేస్టారు బోర్డు దగ్గర నిలబడి మొదలు పెట్టగానే, "సార్, నిద్దట్లో బట్టలు తడిస్తే ఒంట్లో సత్తువంతా పోతాదంట, సంతలో పొడి తినాలంట, నిజమేనా?" అని ఇకిలించాను. నేను కల్పించింది కాదది. సంతలో ఆ పొడి కొనుక్కుని నా షాపు చాటున నిలబడి తినే కుర్రాళ్లని చూసినవాణ్ణి. మేస్టారు సుద్దముక్క కింద పడేసి, నీళ్లు తాగొస్తానని వరండాలోకి పారిపోయారు.

టీచరమ్మ ఆయన్ని వెనక్కి పిలిచారు. "మేస్టారూ, వీడు వెకిలిగా నవ్వాడు గాని ప్రశ్న వెకిలిది కాదు. నవ్వు తీసేసి, మిగిలిన దానికి జవాబు చెప్పండి."

ఆయన చెమట తుడుచుకుని, కిటికీ వైపు చూస్తూ, అది జబ్బు కాదనీ, పెరిగే ఒంటికి మామూలేననీ, సత్తువ ఏమీ పోదనీ, పోయేది పొడి కొన్న డబ్బులేననీ చెప్పారు. "బావుంది. ఇప్పుడు కిటికీకి కాకుండా వాడికి చెప్పండి" అన్నారావిడ. మళ్లీ చెప్పారు. మళ్లీ అడిగాను. అలా చాలా శనివారాలు గడిచాయి. మేస్టారికి నోరు తిరిగింది. కుట్టు టీచరు మాత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని వినడమే గాని పెదవి విప్పలేదు.

ఊరు ఊరుకుంటుందా? ఒక శనివారం బడి కమిటీ పెద్ద, రైసుమిల్లు నాయుడుగారు, మనుషుల్ని వెంటేసుకుని క్లాసులోకి వచ్చేశారు.

"ఏటమ్మా ఇది? ఆడపిల్లలున్న బళ్లో బూతు పాఠాలెట్టీసినారంట. మీకా, పెళ్లా నేదు, పేరంటమా నేదు. మీకెందుకమ్మా ఈ గొడవ?"

నాకు ఒళ్లు మండింది. టీచరమ్మ మొహంలో మాత్రం మార్పు లేదు. "పెళ్లి కాలేదు గనకే నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు నాయుడుగారూ. ఎంత తెలియకుండా ఒక ఆడది ముసలిదైపోవచ్చో నాకు తెలుసు. కూర్చోండి. మీరూ అడగొచ్చు" అన్నారు.

ఆయన కూర్చున్నారు. పిల్లల బెంచీ మీద మోకాళ్లు గెడ్డానికి తగిలేలా ముడుచుకున్నారు. వెంట వచ్చినవాళ్లు గోడకి ఆనుకుని నా వంకే చూస్తున్నారు. నేనేదో గొప్ప బూతు పేలుస్తానని, దాంతో ఈ పాఠం మూత పడుతుందని వాళ్ల ఆశ. "ఆఁ, అడగరా" అన్నారు టీచరమ్మ.

ఆ వేళకి మంచి ఘాటైన ప్రశ్న ఒకటి సిద్ధం చేసుకునే వచ్చాను. లేచి నిలబడ్డాను. నోట్లోంచి వేరేది వచ్చింది. "టీచరమ్మా, తల్లి నేని పిల్లకి ఆ రోజొస్తే, తండ్రి ఏటి సెయ్యాల?"

నాకు నవ్వు రాలేదు. తీసెయ్యడానికి అందులో నవ్వేమీ లేదు.

జవాబు చెప్పింది టీచరమ్మ కాదు. కుట్టు టీచరు లేచారు. "ముందు భయం లేదని చెప్పాలి. రోగం కాదు, తప్పు కాదు, ఒళ్లు ఎదుగుతోందని చెప్పాలి. శుభ్రమైన మెత్తటి బట్ట మడత పెట్టి ఇవ్వాలి. వాడిన బట్ట ఉతికి ఎండలో ఆరెయ్యాలి గాని చీకటి మూల దాచకూడదు. కడుపులో నొప్పిగా ఉంటే వేణ్ణీళ్ల కాపడం పెట్టొచ్చు. బడి మానక్కర్లేదు. తండ్రి మొహం తిప్పుకోకూడదు. నొప్పిగా ఉందా అని అడగాలి." అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి కూర్చున్నారు. అప్పుడు ఏడ్చారు.

నాయుడుగారు తన మోకాళ్లనే చూసుకున్నారు. "మా నడిపి గుంట ఏడో తరగతి" అన్నారు, ఎవరితోనో తెలీకుండా. లేచి వెళుతూ, "సరే, సెప్పండి. బోర్డు మీద బొమ్మలు మాత్రం ఎయ్యకండి" అన్నారు.

"మనం వెయ్యకపోతే వాళ్లే వేసుకుంటారు నాయుడుగారూ, దొడ్డిగోడ మీద. మీరు చూసే ఉంటారు."

"సూసేనమ్మా, సూసేను" అని దగ్గుకుంటూ బయటికి నడిచారు. అలా మా బళ్లో ఆ పాఠం మొదలైంది. కొందరు ఆడపిల్లల్ని మానిపించారు, అందులో కొందరు తిరిగొచ్చారు. ఆ ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం రాలేదు. గజపతినగరం దగ్గర ఎవరికో ఇచ్చి పెళ్లి చేసేశారు. ఎవరైనా టీచరమ్మని మెచ్చుకోబోతే ఆవిడ ఆ పిల్ల పేరు చెప్పి మాట తుంచేసేవారు.

ఈ ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక ఆవిడ మంచం పట్టారు. విజయనగరంలో డాక్టరమ్మ చూసి, ఈ ఆడజబ్బు చాలాకాలం నుంచీ ఉందనీ, ముందే వచ్చుంటే వేరే సంగతనీ చెప్పింది. చివరి రోజు నేను మంచం పక్కన కూర్చుని ఉండగా నా వైపు తిరిగారు.

"నాకు తెలుస్తూనే ఉందిరా. ఎవరికైనా చెప్పడానికి సిగ్గేసింది. చూశావా, ఆ సిగ్గు ఎంత గట్టిదో? అందరికీ పాఠం చెప్పినదాన్ని, నన్నే పట్టుకుంది." మళ్లీ తనే, "ఈ మాట కూడా పాఠంలో కలపమని కుట్టు టీచరుకి చెప్పు. నా పేరుతోనే చెప్పమను" అన్నారు.

చెప్పాను. మిషను వాళ్ల శ్మశానంలో మన్ను వేసి వచ్చిన మర్నాడే కుట్టు టీచరు దాన్ని పాఠంలో కలిపారట. క్లాసులో ఒక్కరూ కిసుక్కుమనలేదట.

మొన్న మధ్యాహ్నం నేను ఒక రైతు సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాను. పక్కన ఇంకో ఇద్దరు బేరగాళ్లున్నారు. మా గుంట బడి గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. నా ఎదురుగా నిలబడి, బస్సు వచ్చిందని చెప్పినట్టు, "నాన్నా, నాకు వొచ్చీసినాది" అంది.

బేరగాళ్లు తలలు దించుకుని టైర్లు చూడసాగారు. నాకు చెవులు వేడెక్కాయి. మొహం మాత్రం తిప్పుకోలేదు.

"నొప్పిగా ఉన్నాదేటమ్మా?"

"కూసింత."

"బట్ట?"

"కుట్టు టీచరిచ్చినారు."

"ఇంటికెల్దామా?"

"ఇప్పుడా? లెక్కల క్లాసున్నాది నాన్నా" అని నన్ను మందలించినట్టు చూసి వెనక్కి తిరిగింది. ఈ సంగతి పరుగెత్తుకెళ్లి చెప్పాలనిపించిన ఒకే ఒక్క మనిషి మట్టిలో ఉన్నారు. గాలిపంపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోడ్డు దాటబోతూ మా గుంట ఒక ఎడ్లబండి పోయేదాకా ఆగింది. జారిన జడ భుజం మీంచి వెనక్కి వేసుకుంది. తిన్నగా నడుచుకుంటూ బడిలోకి వెళ్లిపోయింది.