తర్వాతి స్లైడ్

కొత్తపేటలో మా చర్చిలో తెర మీద పాటలు వేసే అంకుల్ ఒకాయన ఉండేవారు. ఆదివారం బడంగ్‌పేట్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ల్యాప్‌టాప్ సంచి చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వెనక ఆంటీ కూర్చునేవారు.

ఆయన చేతిలో ఏ చరణమూ మామూలుగా వచ్చేది కాదు. ఒకటి తెర తీసినట్టు జరిగేది, ఒకటి పేజీ తిప్పినట్టు మడత పడేది, ఇంకొకటి గిరగిరా తిరుగుతూ దిగేది. అక్షరాలు కుదురుకునేదాకా మేం నోళ్లు తెరుచుకుని ఆగాల్సిందే. పాట ఎత్తుకునే నాకు ఒళ్లు మండేది. ముందు వరసలోంచి ఆంటీ వెనక్కి తిరిగి, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపేవారు. ఆయన మాత్రం నవ్వేవారు. "దేవుని పాట బిడ్డా, జర పండుగ లెక్క రావొద్దా?"

ఆంటీ పోయాక, జ్ఞాపకార్థ కూడికలో కూడా పాటలు తనే వేస్తానన్నారు. మొదటి స్లైడ్‌లో ఆంటీ ఫొటో, దాని కింద పల్లవి. ఏ ఎఫెక్టూ లేదు. పల్లవి పాడాం. తెర మారలేదు. తెర మీద ఏది ఉంటే అదే పాడటం మాకు అలవాటు కాబట్టి, మళ్లీ పల్లవే పాడాం. ఆ తర్వాత కూడా మారకపోతే, వెళ్లి ఆయన పక్కన వంగి మెల్లగా అన్నాను.

"అంకుల్, చరణం."

ఆయన వేలు బటన్ మీదే ఉంది.

"ఎట్ల నొక్కాలె బిడ్డా? నొక్కితే పోతది."

పాస్టరుగారు మా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. పాస్టరుగారు కళ్లు మూసుకుని మళ్లీ పల్లవే అందుకున్నారు.