తొమ్మిది వారాల దగ్గు

మా అక్క క్షయ నివారణ కేంద్రంలో లెక్కలు చేసేది. డాక్టరు కాదు, నర్సూ కాదు. వచ్చే పదేళ్ళలో పట్టణంలో ఎంతమందికి టీబీ రావచ్చో, ఏ పని చేస్తే ఎంత తగ్గుతుందో కంప్యూటర్లో గీతగా చూపించడం ఆమె ఉద్యోగం. అక్కడివాళ్ళు ఆమెను గీతల మేడమ్ అనేవాళ్ళు.

ఆ లెక్క నాకోసారి ఇంట్లో చెప్పింది. కాగితం మీద నాలుగు గడులు గీసింది. క్రిమి సోకనివాళ్ళు, సోకినా అది ఒంట్లో నిద్రపోతున్నవాళ్ళు, జబ్బుపడి దగ్గుతున్నవాళ్ళు, మందు తింటున్నవాళ్ళు. గడి నుంచి గడికి బాణాలు, ఒక్కో బాణం మీద ఒక్కో అంకె.

"అన్నిట్లోకీ పాడుది ఇదే," అని మూడో గడి నుంచి నాలుగో గడికి పోయే బాణాన్ని వేలితో పొడిచింది. దగ్గు మొదలయ్యాక మనిషి పరీక్షకు వెళ్ళడానికి పట్టే రోజులు. ఆ రోజులన్నీ పక్కవాళ్ళకు అంటిస్తూనే ఉంటాడు. కూలీలకు యాభై అని రాసింది, దుకాణాలవాళ్ళకు నలభై. ఆరోగ్యకేంద్రాల సిబ్బందికి పది.

"మాకు తెలుసుగా," అంది.

మిగతా అంకెలన్నీ మనుషుల్ని అడిగి రాసినవే. ఆ పది మాత్రం ఎవర్నీ అడగలేదు.

నేనూ, ఏడేళ్ళ నా కూతురూ అక్కతోనే ఉండేవాళ్ళం. పాప పెద్దమ్మ పక్కలోనే పడుకునేది. అక్కకు దగ్గు పట్టుకున్నప్పుడు దుమ్మంది. తర్వాత ఏసీ పడలేదంది. ఆ తర్వాత రిపోర్టు అయ్యాక చూపించుకుంటానంది. చివరికి కఫం పరీక్షచేసే ముసలాయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడట.

"నీ దగ్గుకి నా మైక్రోస్కోపు ఊగుతోందమ్మా. ఈ డబ్బాలో కాస్త ఉమ్మి."

"పోండి బాబాయ్! ఊళ్ళోవాళ్ళ ఉమ్ములు చాల్లేదా మీకు?"

"చాల్లేదు. మేడమ్‌గారి ఉమ్మి ఇంకా చూళ్ళేదు."

మర్నాడు ఆయన వేళాకోళం ఆడలేదు. అక్క నాకు ఫోన్ చేసింది.

"పాపని తీసుకుని రా. ఇప్పుడే. ఏమీ అడక్కు."

పాపను తీసుకుని పరిగెత్తాను. వెళ్ళేసరికి వరండా చివర, కిటికీ పక్కన మూతికి మాస్కు కట్టుకుని కూర్చుని ఉంది. పాప "పెద్దమ్మా!" అని పరిగెత్తబోయింది.

"అక్కడే ఆగు!" అని అరిచింది అక్క. దాని మీద ఎన్నడూ గొంతెత్తని మనిషి.

పాప ముంజేతి చర్మంలోకి చిన్న సూది మందు ఎక్కించారు. వాపు ఎంత వస్తుందో మూడో రోజు కొలుస్తారు. ఆ మూడు రోజులూ నేను దాని చేతినే చూస్తూ బతికాను. వాపు పెద్దదే వచ్చింది. ఎక్స్‌రేలో మాత్రం ఏమీ లేదు. అంటే రెండో గడి.

"నూటికి ఎంతమందిలో లేస్తుందక్కా అది?"

"చెప్పను."

"నీకు తెలుసుగా!"

"తెలుసు. నీకు నూరుగురు కూతుళ్ళు లేరు. ఉన్నది ఒక్కతి. మాత్రలు ఒక్కపూట మానకుండా వెయ్యి."

ఆస్పత్రి మంచం మీద నుంచే అక్క ఆ పదిని దిద్దింది. కేంద్రంలో ఇదివరకు జబ్బుపడ్డ ముగ్గురికి ఫోన్ చేసి, ఎన్నాళ్ళు దగ్గారని అడిగింది. ముగ్గురూ నసిగారు. ముగ్గురివీ కూలీలకంటే ఎక్కువ రోజులే. తనవి అరవైమూడు. అంకె మార్చగానే, కిందికి దిగుతున్న గీత తల పైకెత్తింది.

పెద్ద డాక్టరు గుమ్మంలో నిలబడి తల పట్టుకున్నాడు. "ఇది పంపితే పైవాళ్ళు మన మొహాన ఉమ్ముతారమ్మా."

"ఆ ఉమ్ము కూడా పరీక్షకి పంపండి సార్," అంది అక్క. రిపోర్టు అలాగే వెళ్ళింది.

ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయి. మూడో నెలలో రక్తం కక్కుకుని పోయింది. చివరి వారంలో కూడా పాపను గుమ్మం దాటి రానివ్వలేదు.

పాప మాత్రలు ఆరు నెలలకు అయిపోయాయి. మొదటి రెండేళ్ళే గండమన్నారు. ఏడాదిన్నర గడిచింది. ఇంట్లో నీళ్ళ చప్పుడైనా, ఫ్యాను కిర్రుమన్నా నాకు ముందు దగ్గులాగే వినిపిస్తుంది. అక్క చెప్పని ఆ అంకెను పుస్తకాల్లో వెతకలేదు. చూస్తే బతకలేను.

ఇవాళ పొద్దున బడికి తయారవుతూ పాప రెండుసార్లు దగ్గింది. చెయ్యి పట్టుకుని కేంద్రానికి లాక్కొచ్చాను. వరుసలో మా ముందు పదకొండుమంది ఉన్నారు.

"నీళ్ళు పొరబోయాయమ్మా! చెప్తున్నాగా!"

"తెలుసు. కూర్చో."