అక్క వేళ్లు

అక్కకు నరాల జబ్బు పట్టిందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, కార్ఖానాలో బీడీ కట్టలు చూసి తీసుకునే మనిషి. "ఏమైందమ్మా, నీ బీడీలు గిట్ల వంకర పోతున్నయ్?" అన్నాడు. మా వాడకట్టులో అక్కంత నున్నగా బీడీ చుట్టేవాళ్లు లేరు. ఆ మాటకు ఆమె మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత చేతులు, మెడ, కాళ్లు వాటంతటవే కదలడం మొదలైంది. దీనికి మందు లేదని, పోను పోను నడక, మాట కూడా పోతాయని హైదరాబాద్ పెద్ద దవాఖానలో చెప్పి పంపారు. దుబాయిలో ఉన్న బావ ఉత్తరాలు రాయడం మానేశాడు. రెండేళ్లు నేనే చూసుకున్నాను. ఆ పైన నా వల్ల కాలేదు. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ దాటాక, ఇలాంటివాళ్లను చివరిదాకా ఉంచుకునే ధర్మాశ్రమం ఒకటి ఉండేది. తొంభైల మొదట్లో అక్కను అక్కడ చేర్చాను. చేర్చాను అంటున్నాను గానీ, వదిలేసి వచ్చాననడమే నిజం.

ఆదివారం ఆదివారం మా ధర్పల్లి నుంచి బస్సులో వెళ్లేదాన్ని. అప్పటికి అక్కకు మాట పోయింది. మంచం మీద ఆమె వేళ్లు మాత్రం ఆగకుండా ఆడేవి, అచ్చం ఆకు చుట్టినట్టే. నాతో చూడవచ్చిన బీడీల ఆడవాళ్లు, "సూడు, పాణమంతా పని మీదనే ఉంది" అని కళ్లొత్తుకునేవారు. నేనూ నమ్మాను. నోటితో అడగలేక చేతులతో పని అడుగుతోందనుకున్నాను.

నా తెలివి అలా తెల్లారింది. ఒక ఆదివారం తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, చాట పట్టుకుపోయి ఆమె ఒళ్లో పెట్టాను. ఆకులు ముక్కలు ముక్కలయ్యాయి. తంబాకు దుప్పటినిండా చిందింది. అక్క గొంతులోంచి ఏడుపు వచ్చింది.

"మెల్లగ అక్కా, మెల్లగ. నువ్వే గదా నాకు నేర్పింది" అన్నాను. ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఆశ్రమంలో రోగుల్ని చూసుకునే ఆయమ్మ పరుగున వచ్చి చాట తీసేసింది. "పని యాదికొచ్చి గాదమ్మా, గది జబ్బు. చేతులు ఆగుతలేవని రోజంతా తండ్లాడుతది. జర గట్టిగ పట్టుకుంటే నిమ్మళపడతది" అంది.

పట్టుకున్నాను. చాలాసేపటికి వేళ్లు నెమ్మదించాయి. అక్క నా మొహం చూస్తూ చూస్తూ కళ్లు మూసుకుంది. ఇంట్లో ఉన్న రెండేళ్లూ స్నానం చేయించాను, తినిపించాను, విసిగి తిట్టాను కూడా. ఊరికే చేయి పట్టుకుని కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. సిగ్గుతో నాకు ఏడుపు కూడా రాలేదు.

"పోవాలె గదమ్మా, బస్సు యాళ్లయింది" అంది ఆయమ్మ.

అక్క కళ్లు తెరిచింది. నా వేళ్లను పట్టుకోవాలని చూసింది, పట్టు చిక్కలేదు. నేను ఆమె చేతులు వదిలి లేచాను. గడప చేరకముందే ఆమె వేళ్లు మళ్లీ మొదలయ్యాయి. అది చూసి కూడా బస్సెక్కాను.