ఖాలా ఫ్రిజ్‌లో వైరస్ పెంకులు

నాకు కుదురు లేదని అమ్మ వాడంతా చెప్పేది. ఆ వేసవిలో మాత్రం నిజంగానే లేదు. హైదరాబాద్‌లో రెండేళ్లు తంటాలు పడి, బొబ్బర మొక్కల ఆకుల్లోంచి ఒక వైరస్‌ను వేరు చేశాను. మనుషుల జోలికి రాదు, ఆకులకు మచ్చలు తెస్తుంది, అంతే. దాని పైపెంకు ఎంత గట్టిదో కొలవడం నా పరిశోధన. కొలిచే మైక్రోస్కోపేమో మహారాష్ట్రలో ఉంది. అందులో కన్ను పెట్టి చూసేదేమీ ఉండదు. సన్నని సూదిమొన పెంకును నొక్కుతుంది. పెంకు ఎంత ఎదురు నిలిచిందో కంప్యూటర్ మీద గీత పడుతుంది. నాకు దొరికింది రెండే రోజులు. అవి పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

రైలు నిజామాబాద్ మీదుగానే పోతుంది. అమ్మ ఫోన్లో పట్టుబట్టింది. "ఇంటి పక్కకెళ్లి పోవుకుంట మొఖం సూపియ్యవా? ఒక్క దినం ఉండి పో." సరేనని దిగి బోధన్ బస్సెక్కాను.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. నన్ను చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగిన, పిన్నిలాంటి పక్కింటి ఖాలాకు ఉంది. వైరస్ ఉన్న వేలెడంత గొట్టాన్ని ఆమె ఫ్రిజ్ కింది అరలో, పెరుగు గిన్నె పక్కన పెట్టాను. "సల్లగుంటే సాలు ఖాలా, ఎవ్వల్నీ ముట్టనియ్యకు" అన్నాను. గడ్డకట్టొద్దని చెప్పలేదు. చెప్పాల్సిన మాట అదొక్కటే.

తెల్లారి వెళ్లేసరికి గొట్టం అక్కడ లేదు. పెరుగు గిన్నె జరిపి చూశాను.

"ఫికర్ చెయ్యకు బేటా" అంది ఖాలా. "నిన్న పొద్దుమీకి కరెంట్ పోయింది గదా! కింద ఉంటే కరాబ్ అయితదని మీది బరఫ్ అరల, ఐసుగడ్డల నడుమ పెట్టిన. కరెంట్ వచ్చినంక మంచిగ గట్టిపడ్డది."

దానికి చోటు చేయడానికి మాంసం పొట్లం తీసి బయట పెట్టిందట. అది పాడైపోయింది. నా నోటి దాకా వచ్చిన మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మంచిపని చేసినవ్ ఖాలా" అని ఎలాగో బయటపడ్డాను.

కొన్ని పెంకులైనా బాగుంటాయేమోనన్న ఆశతో బయల్దేరాను. రైల్లో కాలు నిలవలేదు. స్టేషన్ వచ్చినప్పుడల్లా గొట్టం పెట్టుకున్న ఐసు డబ్బా మూత తీయడం, చూడటం, మూయడం. ఎదురు సీటాయన "బంగారమా ఏంది?" అని నవ్వితే కసురుకున్నాను.

మంచి పెంకైతే నొక్కిన కొద్దీ గీత నిటారుగా లేవాలి. మైక్రోస్కోప్ కింద మొదటి పెంకును నొక్కాను. గీత కొంచెం లేచి కూలిపోయింది. రెండోదీ అంతే. తిండి మానేసి రెండు రోజులూ వెతికి వెతికి నొక్కాను. గడ్డకట్టినప్పుడే బీటలు వారినట్టున్నాయి, ఒక్కటంటే ఒక్కటి నిలబడలేదు. గైడ్‌కు ఫోన్ చేసి, "పొరపాటున నేనే గడ్డకట్టించాను సార్" అన్నాను. ఆయన "వచ్చే ఏడాది చూద్దాం" అని పెట్టేశారు. బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో ఇంటికి వెళ్తే ఖాలా గేటు దగ్గరే పట్టుకుంది. "నా ఫ్రిజ్ పనికొచ్చిందా బేటా?"

"మస్తు పనికొచ్చింది ఖాలా."

ఆమె ఆ మాట వాడంతా చెప్పుకుంది.

మరుసటి ఏడాది కొత్త గొట్టంతో అదే రైలెక్కాను. ఏ రోజు పోతానో అమ్మకు ఎప్పుడో నోరుజారి చెప్పాను గానీ, రైలని చెప్పలేదు, దిగుతాననీ చెప్పలేదు. రైలు నిజామాబాద్‌లో ఆగి ఉండగా ఫోన్ మోగింది.

"యాడున్నవే? ఖాలా పొద్దుగాల్నుంచి అడుగుతుంది. ఈపారి బరఫ్ అర మొత్తం నీ సీసాకే ఖాళీ చేసి పెట్టిందట."

డబ్బా ఒళ్లో పెట్టుకుని, "ఇంక హైదరాబాద్‌లనే ఉన్ననమ్మా. ఈపారి అటునుంచి అటే బస్సుల పోతున్న" అన్నాను.

సరిగ్గా అప్పుడే నెత్తి మీది మైకులో నిజామాబాద్ పేరు చదివారు, ఒకసారి కాదు, మూడు భాషల్లో. అవతల అమ్మ మైకు ఆగేదాకా ఆగి, "సరే బిడ్డా, పైలంగ పో. ఖాలాకు నేను ఏదో ఒకటి చెప్త" అంది.