మబ్బెంకడు నావాడు

అసూయ మంచిది కాదని అందరూ చెబుతారు. చెప్పేవాళ్ల సొత్తేమీ పోయి ఉండదు. నాది పోయింది. పోయింది ఒక పేరు.

రాప్తాడు పక్క పల్లెకు నేను చిన్నకోడలిగా వచ్చిన ఏడాది. ఇంట్లో ఆడవాళ్లమంతా వసారాలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాం. నా పక్కన మా పెద్ద తోడికోడలు. కొత్తదాన్ని, గట్టిగా మాట్లాడాలంటే భయం. ఊసుపోక ఆమె చెవిలో ఒక కథ అల్లి చెప్పాను. మబ్బెంకడని ఒకడు. మబ్బు తునక కనబడితే చాలు, విత్తనం కాయలన్నీ ఒలిపిస్తాడు. వాన రాదు. ఒలిచిన విత్తులు ఎక్కువ రోజులు నిలవ ఉండవు కదా, వేయించుకుని తినేస్తాడు. నిజంగా వాన పడేనాటికి ఇంట్లో ఒక్క కాయ ఉండదు.

ఆమె పకపకా నవ్వి, అదే కథను గొంతు మార్చి, చేతులు తిప్పి అందరికీ వినిపించింది. మా అత్త కళ్లు తుడుచుకుంటూ, "యాడ నేర్సినావే ఇవన్నీ?" అని ఆమెను మెచ్చుకుంది. కథ నాదని అనకుండానే బిందె తీసుకుని నీళ్లకు పోయాను.

పంట ఇంటికొచ్చేలోపు ఆ పేరు ఊరంతా పాకింది. పిల్ల కుదరకముందే పెళ్లిచీర కొన్నవాణ్ని, "ఏమప్పా, మబ్బెంకడైపోయినావే" అన్నారు. నెల తప్పకముందే నేను ఉయ్యాల మాట ఎత్తితే, "మా వదిన సెప్పిన మబ్బెంకనివి నువ్వే" అన్నాడు మా ఆయన. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఆమె వడ్డించిందని ఇంకా సహించలేదు.

చాలా ఏళ్లకు గుంతకల్లు స్టేషన్లో, రైలు కనబడకముందే మూట నెత్తికెత్తుకున్న భార్యను ఒకాయన "మబ్బెంకని మాదిరి సేయొద్దు" అన్నాడు. ఆగలేక, ఆ మాట ఎవరిదని అడిగాను.

"ఎవురిదేందమ్మా? మా అవ్వ కాలం నుంచీ ఉండాది."

నాకు ఏడుపు రావాలి. రాలేదు. మా తోడికోడలిదీ పోయింది కదా అని కడుపు చల్లబడింది. ఇంటికి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా ఆమెకు చెప్పాను.

ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నాదెప్పుడైందే అది? ఆ పొద్దే, నువ్వు నీళ్లకు పోయినప్పుడు, కత నీదేనని అందరికీ సెప్పినా. దానికి నోట్లో నాలికే ల్యాదు, దానికి యాడొస్తాదని నగినారు. నన్నేం సేయమంటావు?"

ఇన్నేళ్లూ ఆమెను దొంగ అనుకుని బతికాను. ఇప్పుడు మంచిది కూడా తనే అయి కూర్చుంది. అది మరీ ఓర్చుకోలేకపోయాను.