అవ్వ నేర్పిన ఆట

దయ్యాల మాటెత్తితే నేను నవ్వేదాన్ని. డిగ్రీ చదివాను. మాది పూటపూటా ప్రార్థన చేసుకునే ఇల్లు.

మార్కాపురంలో మేం బాడుగకు దిగింది కొత్త ఇంట్లో. గోడలకు సున్నం వాసన కూడా పోలేదు. మా ఆయన కువైట్‌లో డ్రైవర్. సెలవు మీద వచ్చాడు, కొత్త వీసా చేతిలో ఉంది, మెడికల్ పాసవడమే మిగిలింది. ఇల్లు గడిచేది ఆ ఉద్యోగం మీదే.

ఎడమ మోచేతి పైన ఆయనకు తెల్లబారిన మచ్చ ఉంది. మామూలు శోభి మచ్చే అనుకున్నాం.

ఒక సాయంత్రం మా మూడేళ్ల పాప వాళ్ల నాయనను కళ్లు మూసుకోమంది. చీపురు పుల్లతో చేతిని తాకుతూ, ఎక్కడ తాకిందో చూపించమంది. అన్నీ సరిగ్గానే చూపించాడు. మచ్చ మీద తాకితే మాత్రం కదల్లేదు.

"చెప్పు నాయనా."

"నువ్వు తాకితే గదా చెప్పేది, దొంగదానా."

పాప ఇంకా గట్టిగా నొక్కింది. చర్మం గుంటపడింది. ఆయన కళ్లు మూసుకుని నవ్వుతూనే ఉన్నాడు.

ఈ ఆట ఎవరు నేర్పించారని పాపను అడిగాను. "అవ్వ" అంది. ఏ అవ్వ అంటే వంటింటి గుమ్మం చూపించి, తన వేళ్లు సగం ముడిచింది. "అవ్వ చెయ్యి ఇట్ల. తెరుచుకోదు."

మా ఇంట్లో ముసలివాళ్లెవరూ లేరు. పాప నేను లేకుండా బయట ఎవరింటికీ పోదు.

మర్నాడే ఆస్పత్రికి పోయాం. నర్సు ఆయనను కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో మచ్చను తాకింది. అదే ఆట. కుష్టు అన్నారు. మందులు వాడితే పూర్తిగా నయమవుతుందట. ఇంకా ఆలస్యమైతే వేళ్లు ముడుచుకుపోయేవని నర్సు చెప్పింది. నాకు పాప ముడిచి చూపించిన చెయ్యి గుర్తొచ్చింది.

వీసా చేజారింది. ఊళ్లో ఉండే మా అత్త ఫోన్‌లో ఆ జబ్బు పేరు పలకలేక "పెద్దరోగం" అని గొంతు తగ్గిస్తుంది.

ఈ ఇంట్లో ముందు ముసలామె ఎవరైనా ఉండేదా అని ఇంటి ఓనరమ్మను అడిగాను. "మీకు ముందు ఆడ ఎవురూ లేరమ్మా, ఉట్టి బీడు" అంది.

నాకూ పాపకూ పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. అయినా రోజూ ఒళ్లంతా తడుముకుంటున్నాను. ఈ సాయంత్రం పాప ఆడదాం రమ్మంది. కళ్లు మూసుకున్నాను. మోచేతి మీద తాకింది, చూపించాను. మెడ మీద తాకింది, చూపించాను. పుల్ల మొనలా లేదు. ముడిచిన వేలి కణుపులా ఉంది.

"అమ్మా, పుల్ల దొరకలే" అని పాప పెరట్లోంచి కేకేసింది.

నన్ను తాకింది ఎవరో చెప్పలేను. స్పర్శ తెలిసినందుకు మాత్రం ఏడ్చాను.